ఐసీయూలో విటమిన్లు: లోటు తీర్చడం వేరు, మందుగా వాడడం వేరు

పలమనేరు నుంచో, పుత్తూరు నుంచో, శ్రీకాళహస్తి పక్క పల్లెల నుంచో ప్రాణాపాయంలో ఉన్న మనిషిని తిరుపతికి తెచ్చి ఐసీయూలో చేర్చిన కుటుంబం, రెండు మూడు రోజులు గడిచాక డ్యూటీ డాక్టరును తప్పకుండా ఒక మాట అడుగుతుంది. "సార్, తిండి లేక మనిషి పీక్కపోయినాడు, బలానికి ఏమన్నా ఎక్కియ్యకూడదా?" మన ఊళ్లలో ఈ 'బలం' అనే మాటకు ఒక రూపం కూడా ఉంది. అది పసుపుపచ్చ సెలైన్ సీసా. విటమిన్ల సూదిమందు కలిపినప్పుడు, అందులోని రైబోఫ్లేవిన్ (బీ2 విటమిన్) వల్ల నీళ్లలా ఉండే సెలైన్‌కు ఆ రంగు వస్తుంది. రంగు కనబడితే మందు ఎక్కుతోందన్న ధైర్యం కలుగుతుంది.

ఆ ప్రశ్నను అమాయకత్వంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఐసీయూలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న అదే: తీవ్రంగా జబ్బుపడ్డ మనిషికి విటమిన్లు, జింక్, సెలీనియం వంటి సూక్ష్మపోషకాలు విడిగా ఇస్తే ప్రాణం నిలుస్తుందా? దీని మీద పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థికి తిరుపతి అనువైన ఊరు. 1960లో మొదలైన శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన రుయా ఆసుపత్రి, 1986లో పునాది పడి 1993 నుంచి వైద్యసేవలు అందిస్తున్న స్విమ్స్ (శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ), 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, అంతకు ముందే 1954 నుంచి ఉన్న ఎస్వీ యూనివర్సిటీ, అన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. వైద్యం తెలిసినవారు, ఆహారశాస్త్రం తెలిసినవారు, జీవరసాయన శాస్త్రం తెలిసినవారు కలిసి కూర్చుంటే తప్ప ఈ అంశం తెమలదు కనుక ఆ దగ్గరితనానికి విలువ ఉంది. అయితే ఈ అంశంలో చిక్కుముడులు చాలా ఉన్నాయి. వాటిని విప్పుకోకుండా సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక, రాసుకుంటే మూడు నాలుగేళ్ల శ్రమ వృథా అయ్యే ప్రమాదం ఉంది.

మొదట థయమిన్ సంగతి చూద్దాం. ఈ విషయం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. మనం తిన్న అన్నమైనా, సంగటి అయినా చాలావరకు గ్లూకోజుగా మారి కణాల్లోకి చేరుతుంది. అక్కడ గ్లూకోజు విరిగి పైరువేట్ అవుతుంది. ఆ పైరువేట్, కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలోకి వెళ్లి శక్తిగా మారాలంటే పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము పనిచేయాలి; ఆ ఎంజైముకు థయమిన్, అంటే బీ1 విటమిన్, తోడుండాలి. థయమిన్ లేనప్పుడు పైరువేట్ ముందుకు పోలేక లాక్టిక్ ఆమ్లంగా మారి రక్తంలో పేరుకుంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది సుమారు ఒక మిల్లీగ్రాము. ఒంట్లో ఉండే నిల్వ మొత్తం 25 నుంచి 30 మిల్లీగ్రాములు. తిండి సరిగ్గా లేని రెండు మూడు వారాల్లో ఆ నిల్వ అడుగంటుతుంది. సారాయికి అలవాటుపడి అన్నం మానేసినవారికి, రోజుల తరబడి వాంతులు చేసుకున్న గర్భిణికి, గుండెజబ్బుకు నీరు పోయే మాత్రలు ఏళ్లుగా వాడుతున్న ముసలివారికి ఇంకా ముందే అడుగంటుతుంది.

అటువంటి మనిషికి నీరసంగా ఉన్నాడని గ్లూకోజు సీసా ఎక్కిస్తే ఏమవుతుంది? గ్లూకోజును వాడుకోవడానికి థయమిన్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, ఉన్న చిటికెడూ ఖర్చయిపోతుంది, రక్తంలో లాక్టేట్ (ఆ లాక్టిక్ ఆమ్లమే) ఎగబాకుతుంది, గుండె పట్టు తప్పుతుంది, మెదడులో వెర్నికే వ్యాధి తలెత్తి చూపు కుదరక, నడక కుదరక, మాట తడబడి మనిషి మతి తప్పుతాడు. ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రమాదం కాదు. సిర ద్వారానే పూర్తి ఆహారం ఎక్కించుకుంటున్న ముగ్గురు రోగులు, ఆ ద్రవంలో థయమిన్ కలపకపోవడం వల్ల చనిపోయిన సంగతిని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1989లో ప్రకటించింది. 1997లో ఆ దేశంలో విటమిన్ సూదిమందులకు కొరత వచ్చినప్పుడు అదే కారణంతో లాక్టిక్ అసిడోసిస్ కేసులు మళ్లీ బయటపడ్డాయి. లాక్టేట్ పెరిగిన రోగిని చూసిన ఐసీయూ వైద్యుడికి ముందు తోచేది సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్. ఆ అనుమానం చాలాసార్లు నిజమే అవుతుంది. ఆ నిజం చాటున థయమిన్ లోటు కూడా దాగి ఉండవచ్చన్న ఎరుక ఉన్నప్పుడే వంద, రెండు వందల మిల్లీగ్రాముల సూది గ్లూకోజుకు ముందు పడుతుంది.

తెలుగువారికి థయమిన్‌తో పాత లెక్కలు ఉన్నాయి. పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టించి తినే కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు థయమిన్ లోటు వల్ల వచ్చే బెరిబెరి వ్యాధి బాగా ఉండేది. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టి దంచే ఉప్పుడు బియ్యంలో తవుడులోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి అది తినేవారికి ఈ బాధ తక్కువ. దేశంలో ఈ జబ్బును పరిశోధించడానికే 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌క్యారిసన్ ఒక చిన్న బెరిబెరి పరిశోధన విభాగాన్ని మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన చిత్తూరు ప్రాంతంలో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఉలవలు పళ్లెంలో ఉన్నన్నాళ్లు బీ1కు అంత కరవు లేదు, ఎందుకంటే చెనిక్కాయల్లోనూ ఉలవల్లోనూ అది బాగానే ఉంటుంది. ఇప్పుడు ఇక్కడ కూడా మూడు పూటలా తెల్లబియ్యమే అయిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఐసీయూలో చేరే నాటికి రోగి ఒంట్లో ఏముందన్నది, చేరక ముందు నెలల్లో ఇంట్లో ఏం తిన్నాడన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఐసీయూలో ఆ కొలత ఎందుకు కావాలంటే, తిండిలేక చిక్కి శల్యమైన మనిషికి హఠాత్తుగా నిండుగా ఆహారం పెట్టినప్పుడు ఇన్సులిన్ పెరిగి ఫాస్ఫేటును, పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని రక్తంలో నుంచి కణాల్లోకి లాగేస్తుంది. ఫాస్ఫేట్ పడిపోతే ఊపిరి కండరాలు, గుండె రెండూ సడలిపోతాయి. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత, యుద్ధఖైదీలుగా ఆకలితో మాడినవారికి తిండి పెట్టగానే కొందరు చనిపోవడంతో వైద్యులు దీన్ని గమనించారు. అందుకే ముప్పు బాగా ఎక్కువగా ఉన్న రోగికి కిలో బరువుకు రోజుకు 10 కేలరీల చొప్పున మొదలుపెట్టి మెల్లగా పెంచాలని, ముందే థయమిన్ ఇవ్వాలని, ఫాస్ఫేట్‌ను రోజూ చూడాలని మార్గదర్శకాలు చెబుతాయి. 'బలం' తొందరగా ఎక్కించాలన్న ఆత్రమే ఈ రోగికి అపాయం. సుబ్బారావు ఆ తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించారు. అది కూడా సూక్ష్మపోషకమే.

ఇక అసలు చిక్కు. పరిశోధక విద్యార్థి మొదట చేయాలనుకునే పని, ఐసీయూలో చేరిన ప్రతి రోగి రక్తంలో జింక్, సెలీనియం, డీ విటమిన్, సీ విటమిన్ కొలిచి, ఇంతమందిలో లోటు ఉందని పట్టిక వేయడం. పట్టిక వేస్తే దాదాపు అందరిలోనూ తక్కువే తేలుతుంది. కానీ ఆ తక్కువ అంతా లోటు కాదు. ఇన్ఫెక్షన్ గానీ పెద్ద గాయం గానీ తగిలినప్పుడు శరీరంలో శోథ, అంటే వాపు, మంట రేపే ప్రతిచర్య, మొదలవుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం అందుకున్న కాలేయం మెటల్లోథయోనీన్ అనే ప్రొటీనును తయారుచేసుకుని జింకును తనలోకి లాక్కుంటుంది. హెప్సిడిన్ అనే హార్మోను ఇనుమును కణాల్లోనే బంధించి రక్తంలోకి రానివ్వదు; బ్యాక్టీరియా పెరగడానికి ఇనుము కావాలి కాబట్టి దాని నోటికాడి కూడు లాగేసినట్టు అవుతుంది. జింకును, డీ విటమిన్‌ను మోసే ప్రొటీన్లు రక్తనాళాల గోడల్లోంచి బయటికి జారిపోతాయి. రాగి లోహం మాత్రం దీనికి విరుద్ధంగా రక్తంలో పెరుగుతుంది. వడ్లు గాదెలోకి చేరినందువల్ల కళ్లం ఖాళీగా కనబడితే, ఆ ఇంట గింజల్లేవని ఎవరూ అనరు. సీరంలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, జింక్ తగ్గడం కూడా చాలావరకు అటువంటిదే.

అందువల్ల సూక్ష్మపోషకాల పరీక్షను శోథ పెరిగేకొద్దీ రక్తంలో పెరిగే సీ-రియాక్టివ్ ప్రొటీన్, అంటే సీఆర్‌పీ విలువ పక్కన పెట్టుకుని చదవాలి. స్కాట్లండు పరిశోధకులు 2012లో వేల రక్తపరీక్షల ఫలితాలను పరిశీలించి, సీఆర్‌పీ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటితే జింక్ విలువను, 10 దాటితే సెలీనియం, ఏ, డీ విటమిన్ల విలువలను, 5 దాటితేనే సీ, బీ6 విలువలను నమ్మడం కష్టమని తేల్చారు. సెప్సిస్ రోగిలో సీఆర్‌పీ 100 దాటడం మామూలు విషయం. అంటే ఎవరిలో లోటు తెలుసుకోవడం అత్యవసరమో వారిలోనే మామూలు పరీక్ష పనికిరాకుండా పోతుంది. థయమిన్‌ను సీరంలో కాకుండా ఎర్రరక్తకణాల్లో కొలవడం, సెలీనియానికి బదులు అది పనిచేసే గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ ఎంజైము చురుకుదనాన్ని చూడడం వంటి దారులు కొంత మెరుగు.

కొలతలోనూ గోతులు ఉన్నాయి. మామూలు రక్తపు ట్యూబు రబ్బరు మూతలో ఉండే జింక్ రక్తంలో కలిసి విలువను పెంచుతుంది కాబట్టి లోహాలు అంటని ప్రత్యేక ట్యూబులు వాడాలి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలినా జింక్ ఎక్కువగా చూపిస్తుంది. సీ విటమిన్ అయితే వెలుతురుకు, వేడికి నిలవదు. వెంటనే ఆమ్లం కలిపి, మైనస్ 70 డిగ్రీల చలిలో దాచకపోతే రోగి ఒంట్లో ఉన్న విటమిన్ ట్యూబులోనే హరించుకుపోతుంది. మే నెల తిరుపతి ఎండలో నమూనా ఒక భవనం నుంచి మరో భవనానికి చేతిలో నడిచి వెళ్తే ఏమవుతుందో ఊహించవచ్చు. రోగి రక్తంలో స్కర్వీ (సీ విటమిన్ లోటు జబ్బు) స్థాయి విలువలు కనబడ్డాయని రాసిన థీసిస్‌లో ముందుగా చదవవలసింది ఫలితాల అధ్యాయం కాదు, నమూనాను ఎలా దాచారన్న పేరా.

అలాగని తక్కువంతా భ్రమే అనుకోవడమూ తప్పు. నిజంగా పోగొట్టుకునేవారు ఉన్నారు. పెద్ద కాలినగాయాల నుంచి కారే రసితో పాటు రాగి, జింక్, సెలీనియం చాలా మోతాదులో పోతాయి. స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో జరిగిన అధ్యయనాల్లో, అలా పోయినదాన్ని లెక్కగట్టి తిరిగి ఇచ్చినప్పుడు కాలిన రోగుల్లో న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్లు తగ్గాయి. కిడ్నీలు పడిపోయి రోజంతా నడిచే డయాలిసిస్ మీద ఉన్నవారిలో నీటిలో కరిగే విటమిన్లు, సెలీనియం, రాగి ఆ యంత్రపు నీటితో పాటే వెళ్లిపోతాయి. పేగులకు రంధ్రం పడి రసాలు కారిపోయే ఫిస్టులా రోగుల్లో జింక్ పోతుంది. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారిలో బీ6 తగ్గుతుంది కాబట్టే దానితో పాటు బీ6 మాత్ర ఇవ్వడం ఆనవాయితీ. మధుమేహానికి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకునేవారిలో బీ12 పడిపోవచ్చు. ఈ ఉదాహరణలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది: ఏది పోయిందో, ఎందుకు పోయిందో తెలుసు, పోయినంత తిరిగి ఇస్తున్నాం. దీన్ని లోటు తీర్చడం అనాలి.

దానికి పూర్తిగా భిన్నమైనది రెండో ఆలోచన. లోటు ఉన్నా లేకపోయినా, రోజువారీ అవసరానికి పదుల రెట్లు, వందల రెట్లు మోతాదులో విటమిన్‌ను ఒక మందులా ఇచ్చి జబ్బునే వెనక్కి తిప్పాలన్నది ఆ ఆలోచన. తీవ్రమైన జబ్బులో కణాలను దహించే ఆక్సీకరణ పదార్థాలు విపరీతంగా పుడతాయి, సీ విటమిన్, సెలీనియం వంటివి వాటిని అణచగలవు, కాబట్టి ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అన్న తర్కం వినడానికి సమంజసంగానే ఉంటుంది. గత రెండు దశాబ్దాల్లో రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలు (ట్రయల్స్) ఆ తర్కాన్ని నిలబెట్టలేదు.

సీ విటమిన్ కథ అందరికంటే పరిశోధక విద్యార్థులు శ్రద్ధగా చదవదగింది. 2017లో అమెరికాలోని ఒక ఆసుపత్రి నుంచి చిన్న నివేదిక వచ్చింది. సీ విటమిన్, థయమిన్, హైడ్రోకార్టిజోన్ మూడూ కలిపి ఇచ్చిన 47 మంది సెప్సిస్ రోగుల్లో 8.5 శాతం చనిపోగా, అంతకు ముందు నెలల్లో అవి ఇవ్వకుండా వైద్యం చేసిన 47 మందిలో 40.4 శాతం చనిపోయారని అందులో ఉంది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. కానీ అది ముందు, తరువాత అని పోల్చిన లెక్క. లాటరీ పద్ధతిలో రోగులను రెండు గుంపులుగా విడగొట్టిన పరీక్ష కాదు. 2020లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ ఆసుపత్రుల్లో 216 మందితో అలా విడగొట్టి చేసిన పరీక్షలో ఏ తేడా కనబడలేదు. 2022లో వెలువడిన లవిట్ అనే పరీక్షలో 872 మంది సెప్సిస్ రోగులను చేర్చుకున్నారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల సీ విటమిన్‌ను ఆరు గంటలకొకసారి ఇచ్చారు. 60 కిలోల మనిషికి అది రోజుకు 12 గ్రాములు, అంటే మన దేశంలో మగవారికి సిఫారసు చేసిన 80 మిల్లీగ్రాములకు 150 రెట్లు. 28 రోజుల నాటికి చనిపోయిన లేక అవయవాలు ఇంకా యంత్రాల, మందుల ఆసరా మీదే ఉన్న రోగులు విటమిన్ గుంపులో 44.5 శాతం, ఉత్తి ద్రవం ఇచ్చిన గుంపులో 38.5 శాతం. మేలు మాట అటుంచి, కీడు జరిగింది.

విటమిన్ వల్ల నష్టమేముంటుంది, ఎక్కువైతే మూత్రంలో పోతుంది కదా అనుకునేవారు ఈ అంకెల దగ్గర కొంచెంసేపు ఆగాలి. అంత మోతాదులో సీ విటమిన్ ఒంట్లో ఆక్సలేట్‌గా మారి కిడ్నీలో స్ఫటికాలు కట్టగలదు. కొన్ని రకాల గ్లూకోమీటర్లు రక్తంలోని సీ విటమిన్‌ను చక్కెరగా పొరబడి ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే, మత్తులో ఉండి తన బాధ చెప్పుకోలేని రోగికి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

సెలీనియానిదీ అటువంటి దారే. తొలి చిన్న పరీక్షలు ఆశ చూపించగా, జర్మనీలో 1089 మంది సెప్సిస్ రోగులతో, ఒక గుంపుకు రోజుకు 1000 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చి 2016లో ప్రచురించిన పరీక్షలో మరణాలు తగ్గలేదు. 2013లో రీడాక్స్ అనే పరీక్షలో 1223 మందిని గుంపులుగా విడగొట్టి గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని, యాంటీ ఆక్సిడెంట్లను (ఆక్సీకరణను అణచేవాటిని) ఇచ్చి చూస్తే యాంటీ ఆక్సిడెంట్ల వల్ల తేడా రాలేదు, గ్లూటమిన్ గుంపులో మరణాలు పెరిగాయి.

డీ విటమిన్‌లో మరో పాఠం ఉంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో 492 మందితో జరిపి 2014లో వెలువరించిన పరీక్షలో మొదట ఒకేసారి 5,40,000 యూనిట్లు ఇచ్చినా మొత్తం మీద లాభం లేదు. కానీ మరీ తీవ్రమైన లోటు ఉన్న సుమారు 200 మందిని విడదీసి చూస్తే, విటమిన్ పొందినవారిలో ఆసుపత్రి మరణాలు 28.6 శాతం, పొందనివారిలో 46.1 శాతం. ఇంతకంటే ఆశ రేకెత్తించే అంకెలు ఉంటాయా? ఆ ఆశతోనే అమెరికాలో, లోటు ఉన్నవారినే ఎంచుకుని, అదే మోతాదుతో వయొలెట్ అనే పరీక్ష చేశారు. 2019లో ఫలితం వచ్చింది: 90 రోజుల మరణాలు విటమిన్ గుంపులో 23.5 శాతం, రెండో గుంపులో 20.6 శాతం. ఆ కొద్ది ఎడం యాదృచ్ఛికంగానూ రాగలదు కనుక, తేడా లేదనే దాని అర్థం. ఒక పెద్ద గుంపులోంచి చిన్న గుంపును విడదీసి చూసినప్పుడు కనబడే మేలు ప్రశ్న మాత్రమే అవుతుంది, జవాబు కాదు.

ఈ మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే నేను పైన మెచ్చుకున్న థయమిన్ విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. సెప్టిక్ షాక్‌లో, అంటే సెప్సిస్ ముదిరి రక్తపోటు పడిపోయిన స్థితిలో ఉన్న 88 మందికి థయమిన్ గానీ ఉత్తి ద్రవం గానీ ఇచ్చి చూసి, అమెరికా పరిశోధకులు 2016లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద లాక్టేట్ తగ్గుదలలో తేడా లేదు. ముందే థయమిన్ లోటు ఉన్న 35 శాతం మందిలో మాత్రం 24 గంటల నాటికి లాక్టేట్ మెరుగ్గా తగ్గింది. థయమిన్ పనిచేసే తీరు స్పష్టంగా తెలుసు కనుక ఈ ఫలితం నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉందని నా అభిప్రాయం. అయినా డీ విటమిన్ అనుభవం చూశాక, దాన్ని రుజువుగా రాసుకోకుండా పరీక్షించవలసిన ప్రశ్నగానే రాసుకోవాలి. లోటు ఉన్నవారినే ముందుగా గుర్తించి, వారిలోనే పరీక్ష జరపడం పీహెచ్‌డీకి తగిన పని.

తగిన పని అంటున్నానే గానీ, ఒక విద్యార్థి ఒక ఆసుపత్రిలో ఎంతవరకు చేయగలడన్నది లెక్క వేసుకోవాలి. ఒక విటమిన్ మరణాలను 30 శాతం నుంచి 25 శాతానికి తగ్గిస్తుందని రుజువు చేయాలంటే, గణాంకశాస్త్రంలో మామూలుగా పాటించే 80 శాతం సామర్థ్యంతో (తేడా నిజంగా ఉంటే పదింట ఎనిమిదిసార్లు పట్టుకోగలిగేలా), ఒక్కో గుంపులో సుమారు 1250 మంది, మొత్తం 2500 మంది రోగులు కావాలి. ఇరవై, ముప్పై పడకల ఐసీయూలో, అర్హతలు కుదిరి, కుటుంబం ఒప్పుకున్న రోగులనే చేర్చుకుంటూ పోతే థీసిస్ గడువు ఎప్పుడో దాటిపోతుంది. అందుకే 60 మందితోనో 100 మందితోనో చేసి 'మరణాల్లో తేడా లేదు' అని ముగించే థీసిస్‌లు ఏమీ చెప్పనట్టే. తేడా ఉన్నా అంత చిన్న గుంపులో అది కనబడదు. ఒంటరి పరిశోధకుడు చేయగలిగింది మరణాల కంటే దగ్గరి మజిలీని ఎంచుకోవడం. లాక్టేట్ ఎంత వేగంగా తగ్గింది, ఆరు అవయవాల పనితీరుకు సున్నా నుంచి నాలుగు చొప్పున మార్కులు వేసే సోఫా స్కోరు ఎంత మారింది, ఫాస్ఫేట్ ఎన్నో రోజున పడిపోయింది వంటివి అటువంటి మజిలీలు. వెంటిలేటర్ మీద గడిపిన రోజుల్ని కొలిచేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. మూడో రోజే చనిపోయిన రోగి వెంటిలేటర్ మీద తక్కువ రోజులు ఉన్నట్టు లెక్కకు వస్తాడు; దాన్ని మేలుగా పొరబడకుండా ఉండడానికే, 28 రోజుల్లో ప్రాణంతో ఉండి వెంటిలేటర్ అవసరం లేని రోజులెన్ని అని లెక్కిస్తారు.

ఎవరికి విటమిన్ ఇచ్చారో నర్సులకు, వైద్యులకు తెలియకుండా ఉంచడం మరో తలనొప్పి. బీ-కాంప్లెక్స్ కలిసిన సెలైన్ రంగే దాని గుట్టు చెప్పేస్తుంది కాబట్టి సీసాలకు, గొట్టాలకు రంగు కనబడని తొడుగులు వేయాలి. మూత్రం కూడా పసుపుపచ్చగా మారుతుంది, దానికి తొడుగు వేయలేం. క్లినికల్ పరీక్షలను ముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలన్న నియమం మన దేశంలో 2009 నుంచి ఉంది. ఏ కొలతను ప్రధానంగా చూస్తామో ముందే రాసి పెట్టడం వల్ల, ఫలితాలు వచ్చాక అనుకూలమైన అంకెను ఏరుకునే అవకాశం తగ్గుతుంది. స్పృహలో లేని రోగి తరఫున సంతకం చేసేది భార్యో, కొడుకో, అన్నో. సంతకం పెట్టకపోతే వైద్యం ఆపేస్తారేమోనన్న భయం వారి కళ్లలో కనబడుతూ ఉంటుంది. ఆ భయం పోయేలా, పరిశోధనలో చేరకపోయినా చికిత్సలో ఏ తేడా ఉండదని ఇంటి మాటల్లో చెప్పి, ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఇవ్వడం ఎథిక్స్ కమిటీ కాగితాల్లో అక్షరాల కంటే కష్టమైన పని.

సీ విటమిన్ మెగాడోసు వంటి ప్రశ్నలకు వేలమంది రోగులతో ఇతర దేశాలు జవాబులు చెప్పేశాయి. వాటిని ఇక్కడ చిన్నగా మళ్లీ చేయడం రోగులకు న్యాయం కాదు. ఇక్కడి వారే జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ముక్కు గొట్టం ద్వారా రోగికి పోసే ఆహారం విషయమే చూడండి. కంపెనీ డబ్బాల్లో వచ్చే పొడులతో రోజుకు 1500 కేలరీలు అందితే మామూలు మనిషికి కావలసిన సూక్ష్మపోషకాలు అందులోనే ఉండేలా వాటిని తయారుచేస్తారు. కానీ చాలా ఆసుపత్రుల్లో గొట్టంలో పోసేది రాగిజావ, పాలు, పప్పుకట్టు, చక్కెర, గుడ్డు వంటి వాటితో వంటగదిలో చేసిన జావ. గొట్టానికి అడ్డుపడకుండా వడగట్టినప్పుడు రాగిపిండిలో ఎంత కాల్షియం, ఎంత జింక్ వడకట్టు గుడ్డ మీదే ఉండిపోతుంది? రాగుల్లోని ఫైటేట్లు జింకును, ఇనుమును పేగులు పీల్చుకోకుండా పట్టి ఉంచుతాయి. నానబెట్టి, మొలకెత్తించి చేసిన పిండిలో ఆ ఫైటేట్లు తగ్గుతాయి. అటువంటి పిండితో చేసిన జావ ఐసీయూ రోగికి ఎంతవరకు మెరుగు? పైగా కేస్‌షీటులో రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు రాసి ఉందో అంతా లోపలికి పోదు. స్కానుకు తీసుకెళ్లినప్పుడు, గొట్టం మార్చినప్పుడు, కడుపు ఉబ్బినప్పుడు ఆపుతారు. రాసినదానికి, పోసినదానికి, ఒంటబట్టినదానికి మధ్య ఎంత దూరమో వంటగదిలో నమూనాలు తీసి, ప్రయోగశాలలో కొలిచి, పడక దగ్గర గంటగంటకు లెక్క రాసి చూస్తే తెలుస్తుంది. ఇందులో ఏ రోగికీ కొత్త మందు ఇవ్వనవసరం లేదు, ఎవరికీ ముప్పు లేదు, వందమంది రోగులతోనే నిక్కచ్చిగా చెప్పదగిన ఫలితం వస్తుంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట ఆహారశాస్త్రం చదివిన విద్యార్థిని, ఐసీయూ వైద్యులతో కలిసి చేయగల పని ఇది.

అటువంటి అధ్యయనం పక్కనే థయమిన్ ప్రశ్నను నిలబెట్టవచ్చు. రోగి చేరిన గంటలోనే, గ్లూకోజు ఎక్కించకముందే, ఎర్రకణాల్లో థయమిన్ కోసం నమూనా తీసి, ఆ మీదట వైద్యులు మామూలుగా చేసే చికిత్సను చేయనిచ్చి, ఎవరిలో లోటు ఉందో, చేరకముందు వారు ఏం తిన్నారో, ఏ మందులు వాడారో పోల్చి చూడాలి. అలా పోల్చి చూస్తే పడక దగ్గరే అడగగలిగిన నాలుగైదు ప్రశ్నలతో లోటును ముందే పసిగట్టే వీలు దొరకవచ్చు. ఆ పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి, అనుమానం ఉన్న రోగికి ఫలితం కోసం ఆగకుండా థయమిన్ ఇచ్చేయడమే సరైనది. ఆ సూది ఖరీదు తక్కువ, అపాయం బహు తక్కువ, ఇవ్వకపోతే కలిగే నష్టం ప్రాణాంతకం.

ఆ నాలుగైదు ప్రశ్నలకు జవాబులు తెలిసినవారు ఐసీయూ తలుపు బయటే కూర్చుని ఉంటారు. మనిషి అన్నం సరిగ్గా తిని ఎన్నాళ్లయింది, ఈ రెండు మూడు నెలల్లో ఎంత చిక్కిపోయాడు, వాంతులు, విరేచనాలు ఎన్ని రోజులున్నాయి, సారాయి అలవాటు ఎంత, క్షయకు గానీ చక్కెరకు గానీ గుండెకు గానీ ఏ మాత్రలు వాడుతున్నాడు, ఊళ్లో ఇంతకుముందే ఎన్ని గ్లూకోజు సీసాలు ఎక్కించారు. బలానికి ఏమన్నా ఎక్కియ్యమని అడిగే ముందు, సిగ్గుపడకుండా, ఒక్కటీ దాచకుండా ఈ సంగతులు డ్యూటీ డాక్టరుకు చెప్పండి. వాడిన మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు ఇంటి నుంచి తెప్పించి చేతికివ్వండి.